నిప్పులో నీరు: విక్రమ్ సారాభాయి

నెల్లూరు మండలపు తీరమున, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ సన్నని ఇసుకపట్టెవలె సాగిన ద్వీపము శ్రీహరికోట. రాకెట్టు అను మాట ఆ ప్రాంతమున వినబడుటకు ఎంతో కాలము ముందే అది ఇంధనమునకు పేరుపొందినది. అచ్చటి అడవులలో కొట్టిన వంటచెరకు పడవల కెక్కి, బకింగ్‌హాము కాలువ వెంబడి మదరాసునకు పోవుచుండెడిది. మదరాసు నగరమున మండిన పొయ్యిలలో ఎన్నియో ఈ ద్వీపపు కట్టెలతో మండినవే. ఆ అడవి నాశ్రయించి బ్రతికినవారు యానాదులు. తేనె, దుంపలు, మూలికలు, సరస్సులోని చేపలు, పీతలు వారి జీవనాధారములు. అడవి ప్రభుత్వమువారిది, అడవిని గూర్చిన తెలివి యానాదులది.

ఈ తీరపు చరిత్రను మలుపు త్రిప్పిన మనుష్యుడు నెల్లూరువాడు కాడు, తెలుగువాడును కాడు. దేశమునకు ఆవలి అంచున, అహమ్మదాబాదు బట్టలమిల్లుల నడుమ పుట్టి పెరిగినవాడు. పేరు విక్రమ్ సారాభాయి. నేడు శ్రీహరికోటనుండి లేచు పెద్ద రాకెట్లలో అనేకములను మోయుచున్న వికాస్ ఇంజను ఆయన పేరులోని అక్షరములను ధరించినదని ఇంజినీర్లు చెప్పుకొందురు. ఆయన ఆ ఇంజనును చూడలేదు. దాని పటమైనను చూడలేదు. అయినను ఆ పేరు అతిశయోక్తి కాదు. ఎందుచేత కాదో తెలియుటకు ఆయన జీవితమును, ఆ ఇంజను కడుపులోని ఒక వింతను కలిపి చూడవలెను.

సారాభాయి 1919 ఆగస్టు 12న జన్మించెను. తండ్రి అంబాలాల్ కాలికో మిల్లుల అధిపతి, తల్లి సరళాదేవి. ఆ ఇంటి సంగతి చిత్రమైనది. విక్రమ్ పుట్టుటకు ఒక యేడు ముందు, 1918లో, అహమ్మదాబాదు మిల్లు కార్మికులు గాంధీజీ నాయకత్వమున సమ్మె చేసిరి. ఒక వైపున యజమానుల పక్షమున అంబాలాల్, మరియొక వైపున కార్మికుల పక్షమున ఆయన సొంత అక్క అనసూయ. అక్కాతమ్ములు పోరాడిరి కాని తెగతెంపులు చేసికొనలేదు. ఎదుటి పక్షపువాని మాట విని, కోపము లేక పని సాగించుకొను గుణము విక్రమునకు ఆ ఇంటినుండియే అబ్బినది కాబోలు. ఎనమండుగురు పిల్లలకు తల్లిదండ్రులు ఇంటియందే బడి పెట్టిరి. విక్రమునకు అక్షరములతోపాటు పనిముట్లును చేతికి వచ్చినవి. పదునైదేండ్ల ప్రాయమున, ఇద్దరు ఇంజినీర్ల సాయముతో, నడిచెడి చిన్న రైలింజను నమూనాను ఆయన తయారుచేసెను. అహమ్మదాబాదులోని విజ్ఞానకేంద్రమున దానిని భద్రపరచిరి.

1937లో కేంబ్రిడ్జి చేరి, సెంట్ జాన్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రములు చదివి, 1940లో పట్టము పొందెను. యుద్ధము వచ్చినది. స్వదేశమునకు మరలి, బెంగుళూరు విజ్ఞానసంస్థలో సి.వి. రామన్ అండన విశ్వకిరణముల పరిశోధన కుపక్రమించెను. 1942లో నర్తకీమణి మృణాళినీ స్వామినాథన్‌ను వివాహమాడెను. ఆ దంపతులు 1949లో స్థాపించిన దర్పణ నాట్యసంస్థలో తెలుగునాటి గురువు సి.ఆర్. ఆచార్యులు కూచిపూడి నేర్పెను. రాకెట్లకన్న ముందు తెలుగు ఆ ఇంట అడుగుపెట్టిన త్రోవ అది. యుద్ధానంతరము మరల కేంబ్రిడ్జికి పోయి, ఉష్ణమండలమున విశ్వకిరణములను గూర్చిన సిద్ధాంతవ్యాసమునకు 1947లో డాక్టరు పట్టము గైకొనెను. ఆ యేడు నవంబరులోనే అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయము నెలకొల్పెను. వయస్సు ఇరువదియెనిమిది. మిల్లుల కొరకు వస్త్రపరిశోధనా సంస్థయు ఆ కాలముననే పుట్టినది. ఆ తరువాత ఆయన స్థాపించిన సంస్థల జాబితా చదువుచున్న ఒక మనుష్యుని పనియని నమ్ముట కష్టము. వాని నన్నిటిని ఇచట వ్రాయ నక్కరలేదు. రాకెట్టు ద్వారా నెల్లూరు తీరమునకు వత్తము.

1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘ మేర్పడినప్పుడు సారాభాయి దాని అధ్యక్షుడాయెను. భూమి అయస్కాంత మధ్యరేఖ కేరళలోని తుంబా మీదుగా పోవుటచే, ఆ పల్లె ప్రయోగములకు ఎన్నికైనది. 1963 నవంబరు 21న తొలి రాకెట్టు లేచినది. రాకెట్టు అమెరికావారిది, అది పైకి మోసికొనిపోయిన సోడియం ఆవిరి పరికరము ఫ్రాన్సువారిది. ఈ రెండవ సంగతి గమనింపదగినది. ఫ్రెంచి అంతరిక్షశాస్త్రజ్ఞులతో సారాభాయి పెంచుకొన్న స్నేహము అంతటితో ఆగలేదు. సెంటార్ అను చిన్న రాకెట్టును, దాని ఘన ఇంధనమును తుంబాలో తయారుచేయుటకు అనుమతి ఆ దేశమునుండియే లభించినది. పది సంవత్సరముల తరువాత పెద్ద ఇంజనును గూర్చిన మాట వచ్చినప్పుడు తలుపు తట్టుటకు అక్కడ తెలిసిన ఇల్లుండెను.

తుంబా వాతావరణ రాకెట్లకు చాలును. ఉపగ్రహమును కక్ష్యలో పెట్టుటకు చాలదు. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచున్నది. తూర్పుగా విసరిన రాకెట్టునకు ఆ భ్రమణవేగము ఉచితముగా లభించును. శ్రీహరికోట అక్షాంశమున ఆ వేగము సెకనునకు సుమారు 450 మీటర్లు. తుంబానుండి తూర్పునకు విసరినచో విరిగిన ముక్కలు జనపదములపై పడవచ్చును. కావున తూర్పుతీరమే కావలెను. ఎదుట విశాలమైన సముద్రము, చుట్టును జనసంఖ్య తక్కువగానున్న నేల కావలెను. సారాభాయి సహచరుడు ఇ.వి. చిట్నీస్ తీరము వెంబడి స్థలము వెదకినవారిలో ముఖ్యుడు. 1969లో శ్రీహరికోట ఖాయమైనది. ఆ సంవత్సరమే ఆగస్టు 15న భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ ఏర్పడినది. కేంద్రమునకు చేరిన నేల ఇంచుమించు 145 చదరపు కిలోమీటర్లు. సముద్రతీరమే 50 కిలోమీటర్లు.

ఖాళీ ద్వీపమని కాగితములలో వ్రాసినంత మాత్రమున అది ఖాళీ కాలేదు. పల్లెలు లేచిపోవలసివచ్చినవి. యానాదులలో అధికభాగము సరస్సు ఆవలి గట్టున క్రొత్త గుడిసెలకు తరలింపబడిరి. కొన్ని కుటుంబములు ద్వీపముననే కూలిపనులలో మిగిలినవి. తేనెచెట్టు ఎక్కడున్నదో, ఏ దుంప ఏ నెలలో ఊరునో తెలిసినవారికి సరస్సు దాటిన తరువాత ఆ తెలివి అక్కరకు రాలేదు. రాకెట్టునకు కావలసిన వెలలో ఈ భాగము ఏ బడ్జెటులోను కనబడదు. పేదదేశమునకు రాకెట్లేలయని అడిగినవారికి సారాభాయి వద్ద సమాధాన ముండెను: ఉపగ్రహముల వలన పల్లెకు పాఠము, రైతునకు వానకబురు, మత్స్యకారునకు తుఫాను హెచ్చరిక అందవలెనని ఆయన వాదము. ఆ వాదము తరువాత చాలవరకు నిజమైనది. అయినను దాని తొలి మూల్యము చెల్లించినది శ్రీహరికోట పల్లెలు.

1966 జనవరిలో విమానప్రమాదమున హోమీ భాభా మరణించగా, అణుశక్తి సంఘపు అధ్యక్షతయు సారాభాయి మీద పడెను. అహమ్మదాబాదు, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురముల నడుమ ఆయన కాలము విమానములలో గడచినది. ఆ తొందరలోను ఆయన వదలని పని యొకటి కలదు: కుఱ్ఱవాండ్రను ఎంచుట. దేశమున అప్పటి రాకెట్లన్నియు ఘన ఇంధనముతో నడుచునవి. ద్రవ ఇంధనపు ఇంజను సంక్లిష్టమైనది. పంపులు, కవాటములు, గొట్టములు, వేలకొలది అతుకులు. దానికి మనకేల తొందరయని తలచినవారు లేకపోలేదు. తుంబాలోని యువ ఇంజినీరు నంబి నారాయణన్ 1969లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు పోయి లూయిజీ క్రోకో వద్ద రాకెట్టు చోదనము చదువుటకు సారాభాయి ప్రోత్సాహ ముండెను. క్రోకో పేరు రాకెట్టు ఇంజనులలో దహనము అదుపుతప్పి కంపించు వ్యాధిని గూర్చిన సిద్ధాంతముతో ముడిపడినది. ఆ వ్యాధి ప్రసక్తి ముందు రానున్నది.

1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదటి రాకెట్టు, రోహిణి-125, లేచినది. తరువాత మూడు నెలలైనను నిండలేదు. తుంబా పనులు చూచుటకు వచ్చి కోవలము విడిదిలో బసచేసిన సారాభాయి, డిసెంబరు 30 వేకువకు నిద్రలోనే కన్నుమూసి యుండెను. వయస్సు ఏబదిరెండు. అతని చేతులలో నున్న పని అంతయు సగము కట్టిన గోడ. సతీష్ ధవన్ దానిని చేపట్టెను.

1974లో భారత అంతరిక్ష సంస్థకును, ఫ్రాన్సులోని ఎస్.ఇ.పి. అను చోదన సంస్థకును ఒడంబడిక కుదిరినది. ఐరోపావారి ఏరియాన్ రాకెట్టునకు ఫ్రెంచివారు వైకింగ్ అను ద్రవ ఇంజనును రూపొందించుచుండిరి. ఆ విద్య మనకు కావలెను. కొనుటకు ధనము లేదు. కావున మన ఇంజినీర్లు వెర్నాన్ నగరమున వారి ఇంజను పనిలో పాల్గొని, నూరు మనుష్య-సంవత్సరముల శ్రమ నిచ్చునట్లును, బదులుగా ఆ ఇంజను విద్య మనకు లభించునట్లును ఒప్పుకొనిరి. డబ్బు చేతులు మారలేదు. ఇట్టి బేరము సారాభాయి నాటిన స్నేహములు లేక కుదిరియుండునా యన్నది సందేహమే. నంబి నారాయణన్ నాయకత్వమున వెళ్లిన బృందము నేర్చికొని తెచ్చినదే వికాస్.

ఇక ఆ ఇంజను కడుపులోని వింత. వికాస్ ఇంజనులో రెండు ద్రవములు కలిసి మండును. ఒకటి యు.డి.ఎం.హెచ్. అను హైడ్రజీన్ జాతి ఇంధనము. రెండవది ప్రాణవాయువు నందించు నైట్రోజన్ టెట్రాక్సైడు. ఒకదాని నొకటి తాకగనే నిప్పురవ్వ లేకయే భగ్గుమనును. రెండును విషములే, నింపెడివారు ఒళ్లంతయు కప్పు తొడుగులు వేసికొందురు. వీనితోపాటు ఇంజను మూడవ ద్రవమును మోసికొనిపోవును. అది మంచినీరు. నిప్పును చిమ్ముచు ఆకాశమున కెగయు యంత్రమునకు నీటితొట్టి ఏల?

నిప్పులో నీరు చల్లి బలము రాబట్టుట రాకెట్లకు ముందే తెలిసిన ఉపాయము. సారాభాయి చదివిన కేంబ్రిడ్జిలోనే, ఆయన పుట్టుకకు ముందు, బెర్ట్రమ్ హాప్కిన్సన్ అను యంత్రశాస్త్రాచార్యుడు గ్యాసు ఇంజను సిలిండరులో నీటిని చిమ్మి చల్లార్చు పద్ధతిని 1913లో ప్రకటించెను. పెట్రోలు ఇంజనులలో చిక్కు వేరు. ఇంధనపు ఆవిరిని మితిమీరి నొక్కినచో, నిప్పురవ్వ మంట చేరకముందే మూలనున్న ఆవిరి తనంతట అంటుకొని టకటకమని కొట్టుకొనును. దీనినే నాకింగు అందురు. దానిని మాన్పుటకు 1921లో అమెరికాలో థామస్ మిజ్లీ టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనమును పెట్రోలున కలుప నేర్పెను. ఇంజనునకు మేలు, గాలికి విషము. మన దేశమున సీసపు పెట్రోలు 2000లో గాని నిలిచిపోలేదు. నీటికి అట్టి దోషము లేదు. ఒక గ్రాము మరుగునీరు ఆవిరియగుటకు సుమారు 540 కేలరీల వేడిని త్రాగును. రెండవ ప్రపంచయుద్ధమున యుద్ధవిమానపు ఇంజనులలో నీటిని, మెథనాలును కలిపి చిమ్మిరి. మెథనాలు నీటిని గడ్డకట్టనీయదు, తానును మండును. అయితే నీరు తనంతట బలమీయదని మరువరాదు. నాకింగునకు భయపడి ఆపిన పీడనమును మరికొంత పెంచుటకు అది సందిచ్చును. ఆ పెంచిన పీడనమే బలము. పీడనము పెంచకయే నీరు చిమ్మినచో ఇంజను చల్లబడి నష్టమే మిగులును.

వికాస్‌లో నీటి పని దీనికి చుట్టమేకాని వేరు. ప్రధాన దహనకోష్ఠమున పీడనము వాతావరణమున కేబదిరెట్లకు పైబడి యుండును. అంత ఒత్తిడి కెదురుగా ద్రవములను తోయుటకు పెద్ద పంపులు కావలెను. పంపులను త్రిప్పుటకు టర్బయిను కావలెను. టర్బయినును త్రిప్పుటకు వాయువు కావలెను. ఆ వాయువును గ్యాసు జనరేటరు అను చిన్న కోష్ఠమున అవే రెండు ద్రవములను మండించి పుట్టింతురు. ఆ మంటను అట్లే వదలినచో టర్బయిను రెక్కలు కరగిపోవును. అనేక ఇంజనులలో దీనికి మందు ఇంధనమును అవసరమునకు మించి పోసి మంటను మందగింపజేయుట. వైకింగ్ రూపకర్తలు వేరుదారి త్రొక్కిరి: మంటలోనికి నీరు చిమ్మిరి. నీరు ఆవిరియై, వేడిని ఆరువందల డిగ్రీల సెల్సియస్ ప్రాంతమునకు దించును. ఆవిరియైన నీరు తానును టర్బయినును త్రోయును. వేడి నష్టపడలేదు, తోపుగా మారినది. ఇంధనపు పంపు, ఆక్సీకరణ ద్రవపు పంపు, నీటి పంపు మూడును ఒకే ఇరుసుపై నిమిషమునకు సుమారు 10,000 చుట్లు తిరుగును. మోసికొనిపోవలసిన నీటి బరువు మాత్రము దండుగయే. కాని ఆ దండుగకు బదులు నమ్మకము లభించినది.

ఆ నీటి విలువ ఎంతయో 1990 ఫిబ్రవరి 22న తెలిసినది. దక్షిణ అమెరికాలోని కూరూనుండి జపానువారి రెండు ఉపగ్రహములతో లేచిన ఏరియాన్ రాకెట్టు రెండు నిమిషములు గడవకముందే నాశనమైనది. విచారించి చూడగా ఒక వైకింగ్ ఇంజను నీటి గొట్టములో గుడ్డపీలిక చిక్కుకొని యుండెను. నీరు చాలక ఇంజను పీడనము కుంగెను, బలము తగ్గెను, రాకెట్టు ఒరిగెను. ఎవరో తుడిచి మరచిన గుడ్డ.

ఇంధనమున కలుపు ద్రవ్యముల కథ అంతకు పదేండ్ల ముందటిది. 1980 మే 23న రెండవ ఏరియాన్ ప్రయోగమున, నాలుగు వైకింగ్ ఇంజనులలో ఒకదాని దహనము అదుపుతప్పి కంపించి రాకెట్టు పోయినది. ప్రిన్స్‌టనులో క్రోకో పాఠము చెప్పిన వ్యాధియే అది. ఇంధనమును చిమ్మెడి రంధ్రములను సవరించిరి. పిమ్మట ఇంధనమునే మార్చిరి. యు.డి.ఎం.హెచ్. నూటికి 75 పాళ్లు, హైడ్రజీన్ హైడ్రేటు 25 పాళ్లు కలిపిన ఆ మిశ్రమమునకు యు.హెచ్.-25 అని పేరు. హైడ్రజీన్ హైడ్రేటులో మూడవవంతునకు పైగా నీరే. అనగా మొత్తము ఇంధనమున నూటికి తొమ్మిది పాళ్లు నీరు, మండుటకు కాక మంట కుదురుగా నుండుటకు తోడ్పడుచున్నది. మిశ్రమము సాంద్రమైనదగుటచే అదే తొట్టిలో ఎక్కువ బరువు పట్టును. శ్రీహరికోట రాకెట్లకును ఇదియే ఇంధనమైనది. తెలిసి చూచినచో, ఆ రాకెట్టు నీటిని రెండు దారుల త్రాగుచున్నది. ఒకటి తొట్టినుండి, మరియొకటి ఇంధనములో దాగి.

మనవారు చేసిన వికాస్ ఇంజనును 1985లో వెర్నాన్‌లోనే మండించి పరీక్షించిరి. తమిళనాట మహేంద్రగిరి కొండల క్రింద పరీక్షాస్థలము లేచినది. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగము శ్రీహరికోటనుండి జరిగినది. రెండవ దశలోని వికాస్ తన పని నెరవేర్చినది. రెండవ, మూడవ దశలు విడివడు వేళ దోషము పుట్టి వాహనము బంగాళాఖాతమున కూలినది. 1994 అక్టోబరు 15న రెండవ ప్రయత్నము ఫలించినది. 2008లో చంద్రునివైపునకు, 2013లో అంగారకునివైపునకు పోయిన నౌకలు ఈ వాహనముపైనే లేచినవి. 2018లో దహనకోష్ఠపు పీడనమును పెంచి, అధికబలము గల వికాస్‌ను తొలిసారి ఎగురవేసిరి. నీరు సంది యిచ్చినప్పుడు పీడనము పెంచుట యన్నది పాత విమానపు ఇంజనుల వాడుకయే. ఇచట మాత్రము ప్రతి అంగుళమును మరల లెక్కించి పెంచవలసివచ్చినది.

తుంబా కేంద్రమునకు 1972లో సారాభాయి పేరు పెట్టిరి. శ్రీహరికోట కేంద్రమునకు 2002లో సతీష్ ధవన్ పేరు వచ్చినది. 2022లో జిల్లాలను తిరుగ విభజించినప్పుడు సూళ్లూరుపేటతోపాటు ద్వీపము నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మారినది. ఆ మరుసటి యేడు, 2023 జూలై 14న, చంద్రయాన్-3 ఆ తీరమునుండి లేచినది. వాహనపు నడిమి దశలో జోడుగా మండినవి రెండు వికాస్ ఇంజనులు. పైన ముడుచుకొని కూర్చుండి, ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగిన యంత్రము పేరు విక్రమ్.